న్యాయప్రవేశం కొలతలో అండమాన్, నికోబార్ చరిత్ర

భారతీయ తర్కవిద్యలో తొలిపాఠంగా చెప్పదగిన గ్రంథం శంకరస్వామి రచించిన న్యాయప్రవేశం. హ్యుయాన్‌త్సాంగ్ దీనిని క్రీ.శ. 647లో చైనా భాషలోకి అనువదించారు. సంస్కృత మూలం కూడా నిలిచింది. పేరుకు తగినట్టు ఇది ప్రవేశగ్రంథమే. సరైన అనుమానం ఎలా ఉంటుందో కొద్ది మాటల్లో చెప్పి, అనుమానాలు ఎక్కడెక్కడ చెడతాయో లెక్కపెడుతుంది. పక్షాభాసాలు 9, హేత్వాభాసాలు 14, దృష్టాంతాభాసాలు 10, మొత్తం 33. ఈ గ్రంథానికి ఆధారం దిఙ్నాగాచార్యుల సిద్ధాంతం. ఆ ఆచార్యుల జ్ఞాపకం ఆంధ్రదేశానికి చాలా దగ్గరిది. వేంగి సమీపంలో ఒంటరి కొండ ఒకటి ఉన్నదనీ, దానిపై స్తూపం ఉన్నదనీ, దిఙ్నాగుడు హేతువిద్యా గ్రంథాన్ని అక్కడే రచించాడనీ హ్యుయాన్‌త్సాంగ్ నమోదు చేశారు.

ఇంతటి చిన్న పాఠ్యగ్రంథం నేటి చరిత్ర పరిశోధనకు ఎంతవరకు పనికివస్తుంది? పండిత సభల్లో శబ్దం నిత్యమా అనిత్యమా అని వాదించడానికి ఏర్పడిన పరికరం, శంఖాల గుట్టలనూ ఓడ వర్తకుల కథలనూ కొలవగలదా? ఈ ప్రశ్నకు పరీక్షాస్థలంగా అండమాన్, నికోబార్ దీవులు బాగా సరిపోతాయి. ఆ దీవుల ఆదివాసులు పూర్వం లిపి వాడలేదు. ప్రాచీన కాలానికి వారి సొంత శాసనాలు లేవు. యాత్రికుల మాటలు, ఒక తమిళ శాసనంలోని ఒక పేరు, శంఖాల గుట్టలు, ఇటీవలి జన్యు పరిశోధనలు, వీటితోనే వారి చరిత్ర అల్లబడుతున్నది. ఆధారం పలుచగా ఉన్నచోట భారమంతా అనుమానం మీద పడుతుంది. అక్కడ జరిగిన తప్పు సులువుగా బయటపడదు.

న్యాయప్రవేశం నేర్పే మూలసూత్రం త్రైరూప్యం. హేతువు మూడు పరీక్షల్లో నెగ్గాలి. మొదటిది పక్షధర్మత్వం: ఏ వస్తువును గురించి చర్చిస్తున్నామో ఆ వస్తువులో హేతువు నిజంగా ఉండాలి. రెండవది సపక్షసత్త్వం: సాధ్యం ఉన్నదని ముందే తెలిసిన మరొక చోట ఆ హేతువు కనబడాలి. మూడవది విపక్షాసత్త్వం: సాధ్యం లేని చోట ఆ హేతువు ఉండరాదు. కొండ మీద పొగ ఉన్నది, వంటశాలలో పొగతో పాటు నిప్పు కనబడుతుంది, సరస్సులో నిప్పూ లేదు, పొగా లేదు. కనుక కొండ మీద నిప్పు ఉన్నది. మొదటి నియమం తప్పిన హేతువు అసిద్ధం. విపక్షంలోకి కూడా జారిపోయిన హేతువు అనైకాంతికం. సాధ్యానికి ఎదురైన దానినే నిరూపించే హేతువు విరుద్ధం.

పక్షంలో లేని హేతువు

2024 సెప్టెంబరు 13న పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయ పురంగా మారుస్తున్నట్టు కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఒకనాడు ఈ దీవుల ప్రాంతం చోళ సామ్రాజ్యానికి నౌకాస్థావరంగా ఉండేదన్న మాట ఆ ప్రకటనలో చోటు చేసుకున్నది. ఊరికి ఏ పేరు పెట్టుకోవాలన్నది పాలనకు, ప్రజల ఇష్టానికి సంబంధించిన విషయం. అది తర్కం పరిధిలోకి రాదు. అయితే పేరుకు తోడుగా చెప్పిన చారిత్రక వాక్యం మాత్రం వస్తుంది.

ఈ వాదానికి ప్రధాన ఆధారం తంజావూరు బృహదీశ్వరాలయంలోని రాజేంద్రచోళుని శాసనం. 1025 ప్రాంతంలో శ్రీవిజయంపై జరిగిన నౌకాదండయాత్రలో జయించిన స్థలాల జాబితాను 1030 ప్రాంతపు ఆ ప్రశస్తి చెబుతుంది. శ్రీవిజయం, పన్నై, మలైయూరు, ఇలంగాశోకం, కడారం వంటి పేర్ల మధ్య మానక్కవారం అనే పేరు ఉన్నది. ‘మా’ అంటే గొప్ప. నక్కవారం నికోబార్ అన్నది పండితులు సాధారణంగా అంగీకరించిన గుర్తింపు. శాసనం ఆ దీవికి తోటల విశేషణం చేర్చింది. ఓడరేవును గురించి కాని, సైన్యం నిలిచిన చోటును గురించి కాని ఏమీ చెప్పలేదు.

ఇప్పుడు వాదాన్ని అవయవాలుగా విడదీసి చూడాలి. పక్షం: దక్షిణ అండమాన్‌లోని రేవు. సాధ్యం: చోళుల నౌకాస్థావరంగా ఉండడం. హేతువు: చోళ శాసనంలో జయించిన ప్రదేశంగా పేరు ఉండడం. మొదటి పరీక్షలోనే చిక్కు వస్తుంది. శాసనంలో ఉన్న పేరు నికోబార్‌ది. అండమాన్, నికోబార్ దీవుల నడుమ సుమారు 150 కిలోమీటర్ల వెడల్పున పది డిగ్రీల జలసంధి ఉన్నది. రెండు దీవుల సమూహాలు ఒకే పాలనలోకి వచ్చింది బ్రిటిష్ కాలంలో. ఆ పరిపాలనా ఐక్యతను 11వ శతాబ్దానికి మోసుకుపోతేనే హేతువు పక్షంలో ఉన్నట్టు కనబడుతుంది. న్యాయప్రవేశం దీనిని అసిద్ధ హేతువు అంటుంది.

పక్షాన్ని నికోబార్‌గా మార్చినా మూడవ పరీక్ష మిగిలే ఉంటుంది. జయించిన ప్రతి స్థలమూ స్థావరం కాదు. అదే జాబితాలోని శ్రీవిజయం దండయాత్రకు గురైన రాజ్యం, చోళులు నిలిచి ఏలిన రేవు కాదు. హేతువు విపక్షంలోనూ ఉన్నది కనుక అనైకాంతికం. బౌద్ధ చరిత్ర చదివినవారికి మరొక విషయమూ తోస్తుంది. కొత్త పేరును ‘విజయం’ అనే అర్థంలో తీసుకోవచ్చు. కాని శ్రీవిజయం అన్న మాట వినగానే ఇత్సింగ్ నెలల తరబడి ఉండి సంస్కృత వ్యాకరణం అభ్యసించిన విద్యాకేంద్రం గుర్తుకు వస్తుంది. రాజరాజు కాలంలో నాగపట్టణంలో చూడామణివర్మ విహారాన్ని కట్టించింది ఆ శ్రీవిజయ రాజవంశమే. దానికి ఆనైమంగలం గ్రామాన్ని దానమిచ్చిన వివరాన్ని లైడెన్ పెద్ద తామ్రశాసనం చెబుతుంది. చోళులకూ శ్రీవిజయానికీ నడుమ స్నేహం, వైరం రెండూ ఉండేవి. ఒక్క ‘స్థావరం’ అన్న మాటలో ఆ చరిత్ర ఇమడదు.

కొబ్బరికాయ సాక్ష్యం

పొరపాటు ఒక పక్షానికే పరిమితం కాదు. బౌద్ధ వాఙ్మయాన్ని ప్రేమించేవారు కూడా ఇదే గోతిలో పడుతుంటారు. మహావంసంలో విజయుని కథ ఉన్నది. అతని పరివారంలోని పిల్లలు చేరిన దీవి పేరు నగ్గదీపం. పాళీలో నగ్గ అంటే నగ్నం. నికోబార్ పేరులోనూ ఆ అర్థమే ఉన్నది. కనుక నగ్గదీపం నికోబారే అని కొందరు రాశారు. సముద్రయాత్రికులు దుస్తులు తక్కువగా ధరించే ఏ జనాన్నైనా ‘నగ్నులు’ అనేవారు. ఆ పేరు పడమటి సముద్రపు దీవికీ తగులుతుంది. పైగా అదే కథలో విజయుని ఓడ సుప్పారకం చేరుతుంది. అది పడమటి తీరంలోని సోపారా. నగ్నత్వం అనే హేతువు విపక్షాన్ని తొలగించలేదు.

హ్యుయాన్‌త్సాంగ్ చెప్పిన నారికేళద్వీపం కూడా ఇటువంటిదే. సింహళానికి దక్షిణంగా కొన్ని వేల లీల దూరంలో, పొట్టి మనుషులు ధాన్యం లేక కొబ్బరికాయలే తిని బతుకుతారని ఆయన విన్నది రాశారు. చూసి రాసినది కాదు. దానిని నికోబార్ అన్నవారూ, మాల్దీవులు అన్నవారూ ఉన్నారు. కొబ్బరి రెండు చోట్లా ఉన్నది. పక్షానికీ విపక్షానికీ సాధారణమైన హేతువు దేనినీ నిర్ణయించదు.

మరి ఇత్సింగ్ చెప్పిన నగ్నజనుల దేశం మాటేమిటి? ఆయన 671లో చైనా నుంచి బయలుదేరి, శ్రీవిజయంలో ఆగి, కడారం అని తమిళ శాసనాలు పిలిచే కెదా నుంచి ఓడ ఎక్కారు. ఉత్తరంగా పది రోజులకు పైగా ప్రయాణించి నగ్నజనుల దేశం చేరారు. ఓడను చూడగానే చిన్న పడవలు వచ్చి చుట్టుముట్టాయి. కొబ్బరికాయలు, అరటిపళ్లు, పేము వస్తువులు తెచ్చి ఇనుము అడిగారు. రెండు వేళ్లంత ఇనుముకు అయిదో పదో కొబ్బరికాయలు వచ్చేవట. అక్కడి నుంచి వాయవ్యంగా అర్ధమాసం ప్రయాణించి, 673లో తామ్రలిప్తి చేరారు.

ఇక్కడ కొబ్బరికాయ ఒంటరి సాక్షి కాదు. కెదా నుంచి తామ్రలిప్తికి పోయే దారి అన్న నియమం మాల్దీవులను తొలగిస్తుంది. ఆ దారిలో మిగిలేవి అండమాన్, నికోబార్ మాత్రమే. అప్పుడు కొబ్బరి పని చేయడం మొదలుపెడుతుంది. నికోబార్ కొబ్బరితోటల సీమ. అండమాన్ ప్రధాన దీవుల్లో కొబ్బరి సాగు విస్తరించింది బ్రిటిష్ వలస తరువాత. ఓడల వద్దకు వచ్చి కొబ్బరిని వస్తువులకు మార్చుకోవడం నికోబార్ జనులకు 18, 19 శతాబ్దాల వరకూ ఉన్న అలవాటు. అండమాన్ ఆదివాసులకు అది లేదు. ఒకే హేతువు నారికేళద్వీపం విషయంలో ఓడిపోయి, ఇత్సింగ్ విషయంలో నిలబడింది. మారినది హేతువు కాదు, విపక్షం హద్దు. హేతువు బలం దానిలోనే దాగి ఉండదనీ, ఏ ప్రత్యామ్నాయాలను అది తోసిపుచ్చగలదన్న దానిపై ఆధారపడుతుందనీ ఈ ఉదాహరణ స్పష్టం చేస్తుంది.

ఇక్కడే న్యాయప్రవేశానికి ఒక చిక్కు ఎదురవుతుంది. దిశ, రోజులు, వస్తువులు అన్నీ కలిపి ఒకే హేతువుగా చేస్తే, అటువంటిది మరెక్కడా ఉండదు. సపక్షంలోనూ విపక్షంలోనూ కనబడని హేతువును ఆ గ్రంథం అసాధారణం అని పేర్కొని, అనైకాంతికాల్లోనే చేర్చింది. చరిత్రలో ప్రతి సంఘటనా ఏకైకమే గనుక, నియమాన్ని అక్షరాలా పాటిస్తే చరిత్రకారుని ప్రతి గుర్తింపూ దోషమే అవుతుంది. దీనికి పరిష్కారం దృష్టాంతాన్ని వేరుగా ఎంచుకోవడమే. దారి అన్న హేతువుకు నౌకామార్గాల చరిత్ర నుంచి, వర్తకం అన్న హేతువుకు గుర్తింపులో సందేహం లేని తరువాతి కాలపు నికోబార్ రికార్డుల నుంచి దృష్టాంతాలు తీసుకోవాలి. ఆ ప్రవేశగ్రంథం ఈ మెట్టును నేర్పదు. పాఠకుడు స్వయంగా ఎక్కవలసిందే.

విన్న మాట దేనికి హేతువు?

క్రీ.శ. 851 నాటి అరబ్బీ గ్రంథం అఖ్బార్ అల్ సీన్ వల్ హింద్ అండమాన్ వాసులు మనుషులను తింటారని రాసింది. 13వ శతాబ్దంలో మార్కో పోలో వారికి కుక్క తలలున్నాయని కూడా చేర్చాడు. 1890లో కోనన్ డాయిల్ నవల ది సైన్ ఆఫ్ ఫోర్ అదే బొమ్మను ఇంగ్లీషు పాఠకుల ఇళ్లకు చేర్చింది. వెయ్యేళ్లుగా ఇందరు చెప్పారు కాబట్టి కొంతైనా నిజముండాలి అన్నది సాధారణంగా వినిపించే వాదం.

దిఙ్నాగుడు శబ్దాన్ని వేరు ప్రమాణంగా అంగీకరించలేదు. ప్రత్యక్షం, అనుమానం రెండే ప్రమాణాలు. ధర్మకీర్తి మరొక అడుగు వేసి, మాట నుంచి నేరుగా తెలిసేది వక్త వివక్ష మాత్రమేనన్నారు. నావికుని కథ నుంచి నిశ్చయంగా తెలిసేది నావికుడు ఏమి చెప్పదలచాడన్నదే. ఆ దీవుల దగ్గర ఓడ బద్దలైనవారు తిరిగి రాలేదన్న భయం అందులో ఉన్నది. దీవివాసుల భోజనం అందులో లేదు. అలాగే తరువాతి రచయితలు ముందువారిని అనుసరిస్తే, వందమంది సాక్షులు ఒక్క సాక్షితో సమానం. భోజనానికి కార్యహేతువు కావాలంటే శంఖాల గుట్టలను తవ్వి చూడాలి. వాటిలో దొరికినవి శంఖాలు, ఆలిచిప్పలు, అడవిపంది, చేపల ఎముకలు, కుండపెంకులు. ఆదివాసుల మధ్య ఏళ్ల తరబడి పనిచేసిన ఇ. హెచ్. మాన్, ఎం. వి. పోర్ట్‌మన్ 19వ శతాబ్దంలోనే నరమాంసభక్షణ కథను తోసిపుచ్చారు. వారు వలస పాలన అధికారులు. ఆదివాసుల పక్షాన అబద్ధమాడే అవసరం వారికి లేదు.

కనబడకపోవడం

నాలుగవ వాదం మరింత సున్నితమైనది. దక్షిణ అండమాన్‌లోని చౌల్దారి వద్ద జరీన్ కూపర్ తవ్విన శంఖాల గుట్ట సుమారు 2,200 ఏళ్ల నాటిది. అంతకన్నా చాలా పాతవైన గుట్టలు దొరకలేదు గనుక అంతకు ముందు మనుషులు లేరని ఒక వాదం. దీనికి పూర్తిగా ఎదురైనది రెండవ వాదం. 2005లో హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఓంగీ, గ్రేట్ అండమానీ జనుల మాతృవంశ జన్యుశాఖలు అతి ప్రాచీనమైనవని చూపింది. దాని ఆధారంగా వారు అరవై వేల ఏళ్లుగా అదే దీవిలో కదలకుండా ఉన్నారని పత్రికలు రాశాయి.

ధర్మకీర్తి అనుపలబ్ధిని రెండుగా విభజించారు. ఉంటే తప్పక కనబడవలసినది కనబడకపోతే అది దృశ్యానుపలబ్ధి, లేమిని నిరూపిస్తుంది. ఉన్నా కనబడే వీలు లేనిది కనబడకపోతే సంశయం మాత్రమే మిగులుతుంది. తీరవాసుల గుట్టలు తీరంలోనే ఉంటాయి. చివరి హిమయుగం తీవ్రంగా ఉన్నప్పుడు సముద్రమట్టం నేటికన్నా సుమారు 120 మీటర్లు దిగువన ఉండేది. ఆనాటి తీరం నేడు నీటి అడుగున ఉన్నది. ఈ దీవుల్లో నేల కూడా స్థిరం కాదు. 2004 డిసెంబరు 26న గ్రేట్ నికోబార్‌లోని ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయింది. ఉత్తరాన కొన్ని తీరాలు పైకి లేచాయి. కాబట్టి పాత గుట్టలు దొరకకపోవడం అదృశ్యమైన దాని అనుపలబ్ధి. మొదటి వాదం నిలవదు.

రెండవదీ నిలవదు. జన్యుశాఖ వయస్సు ఒకటి, ఆ శాఖ గలవారు ఒక చోటికి వచ్చిన కాలం మరొకటి. నిన్న వలస వెళ్లిన కుటుంబంలోనూ వేల తరాల నాటి వంశరేఖ ఉంటుంది. శాఖ ప్రాచీనత అనే హేతువు, కొత్తగా వచ్చినవారిలోనూ ఉంటుంది గనుక అనైకాంతికం. అండమాన్ శాఖలలో ఒకదానికి దగ్గరి బంధువు ఉత్తర బెంగాల్ జనంలో కనబడిందని 2006లో అదే పత్రికలో మరొక బృందం ఆక్షేపించింది కూడా. రెండు వాదాలూ ఓడిపోయిన తరువాత మిగిలేది సంశయం. న్యాయప్రవేశం చదివినవారికి సంశయం అవమానం కాదు. అది పరిశోధనకు మొదటి స్థితి.

ఇత్సింగ్‌నే మరొకసారి తలచుకోవలసి ఉన్నది. విహారాల్లో వినయాచరణను చూసి రాయడమే ఆయన ముఖ్యోద్దేశం. నగ్నజనుల దేశంలో భిక్షుసంఘాన్ని గురించి ఆయన ఒక్క మాటా చెప్పలేదు. ఆయన ఆగిన తీరంలో, ఆ కాలంలో సంఘం ఉంటే ఆయన కంటపడేది, రాయకుండా ఉండేవారు కాదు. అది దృశ్యానుపలబ్ధి. భిక్షువులు ఆ దారిన వెళ్లారు కాబట్టి నికోబార్ బౌద్ధసీమ అన్న మాటకు అది అడ్డు. ఆ అడ్డు ఆయన చూసిన తీరానికి, ఆ సంవత్సరానికి మాత్రమే వర్తిస్తుందన్నదీ మరువరాదు. హేతువిద్యను విస్తరించిన ఆచార్యునిగా ధర్మకీర్తిని పేర్కొన్నదీ ఈ ఇత్సింగే. ధర్మకీర్తి కాలనిర్ణయానికి చరిత్రకారులు ఆ ప్రస్తావనను ఆధారంగా తీసుకుంటారు. ఒకే యాత్రికుని పలుకు, ఒకే మౌనం రెండూ తూచి వాడదగినవే.

తప్పు అనుమానం ఎవరి మీద పడుతుంది?

ఈ పరీక్షలు పండితుల వినోదంగా మిగిలిపోవు. నరభక్షకులన్న పేరు అండమాన్ ఆదివాసులపై వలస పాలన జరిపిన హింసకు సాకుగా ఉపయోగపడింది. 1858లో శిక్షాస్థావరం ఏర్పడిన తరువాత గ్రేట్ అండమానీ జనం రోగాలతో కుప్పకూలింది. 1877 నాటి తట్టు వాటిలో ఒకటి. నేటికీ ‘రాతియుగపు మనుషులు’ అన్న మాట పర్యటన ప్రచారంలో వినబడుతుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల ఇనుమును బాణపు మొనలుగా సాగగొట్టుకునే జనం విషయంలో ఆ హేతువే అసిద్ధం. 1956 నాటి ఆదివాసుల రక్షణ నిబంధన వారిని చట్టంతో కాపాడుతున్నది. అయితే వారిని గతానికి నమూనాలుగా చూసే చూపును చట్టం మార్చలేదు. ఆ పని చరిత్ర రాసేవారిది.

వారసత్వ పరిశోధకులకు మరొక హెచ్చరిక. గ్రేట్ నికోబార్‌లో గలాథియా తీరంలో పెద్ద ఓడరేవు నిర్మాణానికి ప్రణాళిక సాగుతున్నది. సునామీ తరువాత నికోబారీ జనులు దక్షిణ, పశ్చిమ తీర గ్రామాలను వదిలి క్యాంప్‌బెల్ బే పరిసరాలకు రావలసివచ్చింది. నేడు అక్కడ ఎవరూ కనబడరన్న హేతువుతో అది ఎవరికీ చెందని నేల అనడం అనైకాంతికం. వదలవలసివచ్చిన ఊరూ ఖాళీగానే ఉంటుంది. అలాగే ఏ తీరంలోనైనా ‘పురావశేషాలేవీ లభించలేదు’ అని నివేదికలో రాసేవారు, ఎక్కడ వెతికారో, ఎంత లోతు చూశారో, అవశేషం ఉంటే కనబడే స్థితి ఉన్నదా లేదా అన్నదీ ఆ వాక్యం పక్కనే రాయాలి. ఆ మూడు వివరాలు లేకపోతే అది అదృశ్యానుపలబ్ధి. దానిపై ఎవరూ ఒక ఊరి భవిష్యత్తును నిర్ణయించరాదు.

న్యాయప్రవేశం లోపాలు లేని గ్రంథం కాదు. సంభావ్యతలో ఎక్కువ తక్కువలను అది కొలవదు. అనేక బలహీన సాక్ష్యాలు కూడి బలపడే తీరును వివరించదు. అనుపలబ్ధి విషయంలో ధర్మకీర్తి తోడు లేనిదే నడవదు. కాలామసుత్తం వినికిడిని, గ్రంథాన్నే కాక వట్టి తర్కాన్ని కూడా ప్రమాణంగా పట్టుకోవద్దని హెచ్చరించిందన్న సంగతి భిక్షువులకు తెలిసినదే. తర్కం సాక్ష్యాన్ని పుట్టించదు. ఉన్న సాక్ష్యం ఎంత బరువు మోయగలదో మాత్రం చెబుతుంది. వేంగి సమీపంలోని ఆ ఒంటరి కొండ ఏదో నిర్ణయించడానికి పూనుకునే తెలుగు పరిశోధకులకు కూడా కొలత ఇదే. దిఙ్నాగునిపై అభిమానం ఎంత ఉన్నా, ఆ అభిమానం పక్షధర్మం కాదు.